ఊరంతా తెలిసిన మనిషి వీధిలో పరుగెత్తాలంటే ఎట్లా?

ప్రశ్న: వార్డు అక్క (కర్నూలు)

నాకు 37 ఏళ్ళు. కర్నూలులోనే వార్డు సచివాలయంలో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. మా అమ్మకు యాభై దాటీదాటకముందే షుగరు వచ్చింది, దాని వెనకాలే మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కాలన్నా గోడ పట్టుకుంటుంది. ఆమెను ఆసుపత్రులకు తిప్పేది నేనే కాబట్టి రేపు నా సంగతి ఎట్లుంటుందో రోజూ కళ్ళారా చూస్తున్నా. నడక నాకు ఎప్పట్నుంచో అలవాటే. దాన్ని పరుగులోకి మార్చాలని ఈమధ్య మనసు బాగా లాగుతోంది. స్కూల్లో ఖోఖో ఆడినదాన్ని, ఆ ఊపు ఒంట్లో ఎక్కడో ఇంకా మిగిలే ఉంది.

అడ్డమల్లా జనమే. మా వార్డులో నన్ను ఎరగని ఇల్లు లేదు. ప్రతినెలా ఒకటో తారీఖు తెల్లవారగానే పింఛను డబ్బులు పట్టుకుని గడప గడపకూ పోతా. రేషన్ కార్డులో పేరు ఎక్కాలన్నా, ఆధార్‌లో తప్పు దిద్దాలన్నా అందరూ నా టేబుల్ దగ్గరికే వస్తారు. అట్లాంటిదాన్ని ఒకరోజు పొద్దున వీధిలో పరుగు అందుకుంటే, వాకిట్లో కూర్చున్న ఒక అవ్వ గాబరాగా లేచి "ఏమైందమ్మా, ఎవురికేమైంది?" అని కేకేసింది. ఆమెను ఏమనగలను? ఆడమనిషి రోడ్డు మీద పరుగెత్తిందంటే ఇంట్లో ఏదో జరిగిందనే మన దగ్గర లెక్క. ఇంకో పొద్దున టీ బంకు దగ్గర నిలబడిన నలుగురిలో ఒకడు "మేడం, బస్సు పోయిందా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. అందులో ఒకడు ఫోన్ ఎత్తినట్టు అనిపించింది. తీశాడో లేదో తెలియదు. ఆ అనుమానంతో ఆ రోజంతా పని సాగలేదు.

ఇంకొకటి కూడా గమనించా. ఎవరైనా చూస్తున్నారని తెలియగానే నాకు తెలియకుండానే కాళ్ళు వేగం అందుకుంటాయి. వాళ్ళను దాటేసరికి ఊపిరి ఆడదు, కరెంటు స్తంభం పట్టుకుని వంగిపోతా. అదీ వాళ్ళ కంట పడుతుంది.

బట్టల సంగతి సరే సరి. ట్రాక్ ప్యాంటు కొన్నా, అది బీరువాలోనే ఉంది. పంజాబీ డ్రెస్సులో పోతే చున్నీని సర్దుకోవడమే సరిపోతుంది. అత్తమ్మ వద్దనలేదు. "ఊర్లో నలుగురూ ఏమంటారో" అని మాత్రం ఒకసారి అనింది.

మా ఆయన ట్రెడ్‌మిల్ కొందామంటున్నాడు. నాకు ఇష్టం లేదు, బయట గాలిలోనే పరుగెత్తాలని ఉంది. మనలాంటి ఊర్లో, ముప్పై అయిదు దాటాక పరుగు మొదలుపెట్టిన ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ చూపులను ఎట్లా దాటారు? "పట్టించుకోవద్దు" అని మాత్రం అనొద్దండి. ఆ మాట చాలామంది చెప్పారు. పట్టించుకోకుండా ఉండేది ఎట్లాగో ఒక్కరూ చెప్పలేదు.


జవాబు: 1600 మీటర్లు (కర్నూలు)

అక్కా, నేను పొద్దునపూట అవుట్‌డోర్ స్టేడియంలో ప్రాక్టీస్ చేస్తుంటా. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే ఈవెంట్స్ (ఒంటి సత్తా పరీక్షలు) కోసం. 1600 మీటర్లు మాకు 8 నిమిషాల్లో అయిపోవాలి, అమ్మాయిలకు 10 నిమిషాల 30 సెకన్లు. మా బ్యాచ్‌లో కోడుమూరు, గూడూరు వైపు పల్లెల నుంచి వచ్చి రూముల్లో ఉండి ప్రాక్టీస్ చేసే అక్కలు కూడా ఉన్నారు. మొదట్లో వాళ్ళూ గోడవారగా ఒదిగి ఒదిగి పరుగెత్తినవాళ్ళే.

నిజం చెప్తున్నా, గ్రౌండ్‌లో ఎవరికీ పక్కవాళ్ళను చూసే తీరిక ఉండదు. మా చూపంతా వాచీ మీదే. నాలుగో రౌండులో గుండె గొంతులోకి వచ్చేసి ఉంటుంది, పక్కన ఎవరు ఏ డ్రెస్సులో ఉన్నారో ఎవరికి కనపడుతుంది? మీ వయసువాళ్ళు ఎవరైనా వచ్చి నిదానంగా రౌండ్లు కొడుతుంటే మాకు గౌరవమే. మాకైతే ముందర ఉద్యోగం ఉంది కాబట్టి వస్తున్నాం. మీరు ఎవరూ రమ్మనకపోయినా వస్తారు.

ఒకటే గుర్తుపెట్టుకోండి. ట్రాక్ లోపలి అంచు టైమింగ్ తీసుకునేవాళ్ళకు వదిలేసి బయటి అంచున పోండి. అందరూ ఏ దిక్కుకు తిరుగుతుంటే మీరూ ఆ దిక్కుకే. వెనక నుంచి ఎవరైనా "సైడ్, సైడ్" అని అరిస్తే అది కోపం కాదు, దారి అడగడమే. కొంచెం బయటికి జరిగితే చాలు.


జవాబు: అనంతపురం వాకర్

మేడం, నా సలహా సింపుల్. పొద్దున నాలుగు గంటలకే లేచి పోండి. రోడ్డు మీద ఒక్కరు కూడా ఉండరు. నేను అనంతపురంలో అట్లే మొదలుపెట్టా. బరువు తగ్గి, స్టామినా వచ్చాక వెలుతురులోకి మారా. అప్పటికి ఎవరు చూసినా నాకు ఏమీ అనిపించలేదు. బనీను కాటన్‌ది వద్దు, చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటుంది. పలచటి డ్రైఫిట్ టీషర్టు, ముదురు రంగుది తీసుకోండి.


జవాబు: సి క్యాంపు నర్సు (కర్నూలు)

చెల్లెమ్మా, నాకు 52 నడుస్తోంది. నర్సుగా పనిచేస్తున్నా. నలభై దాటాకే పరుగు మొదలుపెట్టా. మన కర్నూలులోనే, నలుగురూ తిరిగే రోడ్ల మీదే. పైన అనంతపురం తమ్ముడు చెప్పిన చీకటి సలహా మంచి మనసుతో చెప్పిందే, మగవాళ్ళకు పనికొస్తుందేమో. నీకు వద్దంటే వద్దు.

ముందు ఎందుకు వద్దో చెప్తా. నాలుగు గంటలకు మన సందుల్లో మనుషులు ఉండరు, కుక్కలు ఉంటాయి. రోడ్డు మధ్యలో తవ్వి వదిలేసిన గుంత కనపడదు. కాలు మడత పడి కింద కూర్చుంటే పలకరించే దిక్కు ఉండదు. ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతి ఏమంటే, చీకట్లో ఎన్ని నెలలు పరుగెత్తినా వెలుతురులోకి వచ్చిన రోజు నువ్వు మళ్ళీ కొత్తదానివే. ఆ తొలిరోజు చూపులు ఎక్కడికీ పోవు, నీ కోసం అట్లే కాచుకుని ఉంటాయి.

వీధిలో జనం తలతిప్పి చూసేది కొత్తదాన్ని. ఎవరింటి ముందరైనా కొత్త కారు ఆగినా అట్లే చూస్తారు, వారం పోతే ఆ కారు వైపు ఒక్కరూ తలతిప్పరు. కాబట్టి నీ పని కనపడకుండా దాక్కోవడం కాదు, తొందరగా పాతబడిపోవడం. అందుకు ఒకటే మార్గం. అదే టైము, అదే దారి. వీలైతే అదే రంగు డ్రెస్సు. ఈరోజు ఈ వీధి, రేపు ఇంకో వీధి అని మార్చావంటే పోయిన ప్రతిచోటా కొత్త మనిషివే అవుతావు. నేను మొదలుపెట్టినప్పుడు కేసీ కాలువ వైపు పోయి వినాయక ఘాట్ దాకా తిరిగి వచ్చేదాన్ని. ఆ దారిలో ఉగ్గాని బండి పెట్టే ఒకామె ఉంది. బొరుగులు నీళ్ళలో ముంచి, రెండు చేతులా పిండి, తట్టలో ఆరబోస్తూ నేను పోయేదాకా కన్నార్పకుండా చూసేది. కొన్నాళ్ళకు చేయి ఆపకుండానే తల ఎత్తి "ఈపొద్దు లేటైందేం సిస్టర్" అనేది. ఆ తర్వాత నాకు డ్యూటీ మారి రెండు రోజులు పోకపోతే ఎవరితోనో కబురు పెట్టింది, ఒంట్లో బాగుందా అని. అంతకుముందు ఏ చూపును చూసి ముడుచుకుపోయేదాన్నో, ఇప్పుడు అదే చూపు నాకు కాపలా. పాలబూత్ ఆయన, రోడ్డు ఊడ్చే మున్సిపాలిటీ ఆడవాళ్ళు, పేపర్ పిల్లోడు, వీళ్ళందరి కళ్ళ ముందర పరుగెత్తే ఆడమనిషి జోలికి ఎవడూ రాడు.

ఇక నీ విషయంలో ఇంకొక మేలు ఉంది. అందరికీ తెలిసిన ముఖం కావడం నీకు కష్టమని రాశావు. నాకు అది కలిసొచ్చే సంగతిలా కనపడుతోంది. నన్ను ఎవరూ ఎరగరు కాబట్టి పాతబడడానికి నాకు టైము పట్టింది. నీకు ఒకటో తారీఖు ఉంది. ఈసారి పింఛను ఇచ్చేటప్పుడు ఆ అవ్వ దగ్గర రెండు నిమిషాలు కూర్చో. "మా అమ్మకు షుగరు అవ్వా, నాకు రాకుండా ఉండాలని పొద్దున పరుగెత్తుతున్నా" అని చెప్పు. షుగరు మాత్రలు లేని ఇల్లు మన ఊర్లో ఏదీ? ఆ ఒక్క మాటతో వాళ్ళకు అర్థమవుతుంది. ఆమె సాయంత్రానికల్లా వీధి మొత్తానికి చెప్తుంది, నువ్వు గడప గడపకూ చెప్పుకోవాల్సిన పని ఉండదు. జనానికి కారణం తెలియకపోతే వాళ్ళే ఏదో ఒకటి అల్లుతారు. అది అల్లక ముందే నీ కారణం నువ్వు చేతిలో పెట్టు.

టీ బంకు వాళ్ళ సంగతి వేరే. "బస్సు పోయిందా" అన్నవాణ్ణి చూసి తల వంచుకుని దాటిపోవద్దు. ఆగు. నీకు వాళ్ళ పేర్లు తెలిసే ఉంటాయి, పేరు పెట్టి పిలువు. నవ్వక్కర్లేదు, కోప్పడక్కర్లేదు. "రోజూ ఇదే టైముకు వస్తా, నేర్చుకుంటున్నా" అని చెప్పి కదులు. పేరుతో పిలిచాక గుంపులో దాక్కోవడం కుదరదు. ఫోన్‌లో తీయడం మాత్రం ఎగతాళితో పోయేది కాదు. తీశాడని నీకు గట్టిగా తెలిస్తే అక్కడే నిలదీసి తీసేయించు. వినకపోతే 112కు గానీ, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చెయ్యి. దాన్ని మింగుకుని ఇంటికి పోవద్దు.

చూస్తున్నారని కాళ్ళు వేగం అందుకుంటాయని రాశావు చూడు, అదే అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది. జనం ఉన్నచోటే అన్నిటికన్నా నిదానంగా పోవాలి. టీ బంకు కనపడగానే "ఇక్కడ తగ్గించాలి" అని ముందే అనుకో. మొదట్లో కొత్తవాళ్ళు పడే ఆయాసం చాలావరకు వేగం ఎక్కువై వచ్చేదే. రెండు స్తంభాల మధ్య పరుగు, తర్వాత మూడు స్తంభాల దాకా నడక, మళ్ళీ పరుగు. పరుగెత్తేటప్పుడు ఒక పూర్తి వాక్యం పలకగలగాలి. పలకలేకపోతే వేగం ఎక్కువైనట్టు. పక్కన నడిచేవాళ్ళు నిన్ను దాటిపోయినా పర్వాలేదు, అదీ పరుగే. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కోరోజు విడుపు ఇవ్వు. ఊపిరి తొందరగానే అలవాటు పడుతుంది, మోకాలి చుట్టూ ఉండే స్నాయువులు (కీలును పట్టి ఉంచే పట్టీలు), ఎముకలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది కదా అని ఎగబడితే పిక్క ఎముక ముందర నొప్పి పట్టుకుంటుంది.

బట్టల గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. బూట్ల కంటే ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొను. అంగడిలో అడగడానికి ఇబ్బందైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకో, "హై ఇంపాక్ట్" అని రాసి ఉండాలి. వేసుకుని ఇంట్లోనే రెండుసార్లు ఎగిరి చూడు. చాలామంది ఆడవాళ్ళు చున్నీ వదలలేకపోవడానికి కారణం చున్నీ కాదు, లోపల సరైన ఆధారం లేకపోవడం. అది కుదిరాక మోకాలి పైదాకా వచ్చే వదులు కుర్తీ, రెండు పక్కలా చీలిక ఉన్నది, కింద నీ బీరువాలో ఉన్న ట్రాక్ ప్యాంటు. నేను ఇప్పటికీ అట్లే పోతా. చున్నీ కావాలనిపిస్తే వేసుకో, రెండు భుజాల దగ్గరా పిన్నులు కొట్టి, కొసలు వెనక్కి తీసి నడుము దగ్గర ముడి వెయ్యి. గాలికి ఎగరదు, కాళ్ళకు తగలదు.

ఇంకొకటి. నువ్వు అడగలేదు, కానీ ఇద్దరు పిల్లల తల్లివన్నావు కాబట్టి చెప్తున్నా. కాన్పుల తర్వాత పరుగెత్తినా, తుమ్మినా, ఎగిరినా మూత్రం చుక్కలు పడడం చాలామందికి ఉంటుంది. ఎవరికీ చెప్పరు. జనం ముందు పరుగెత్తనంటారు, అసలు కారణం అది అయి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎంతమంది దీన్ని గొంతు తగ్గించి చెప్తారో నాకు తెలుసు. నీకూ ఉంటే అది నీ తప్పు కాదు, సరిచేసుకోదగినదే. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగిస్తామో దాన్ని కొన్ని సెకన్లు బిగించి, అంతసేపే వదలాలి. రోజుకు మూడు విడతలు, విడతకు పదిసార్లు. మూత్రం పోస్తూ ఉండగా మాత్రం ఈ వ్యాయామం చేయొద్దు. మూడు నెలలు మానకుండా చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. తెలియకపోతే గైనకాలజిస్టును కలువు. అందాకా పరుగుకు ముందు బాత్రూముకు పోయి రా, ఒక ప్యాడ్ పెట్టుకో, ముదురు రంగు ప్యాంటు వేసుకో, ధైర్యంగా పో.

మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ఎంత నిదానంగా పోయినా ఆయాసం వస్తుంది, నువ్వేమో నాకు చేతకాదని అనుకుంటావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సగానికి పైగా! మందులతో సరిపోయే లోటును ఒంటి చేతకానితనం కింద వేసుకోవద్దు. అమ్మకు షుగరు ఉంది కాబట్టి ఆ పరీక్ష కూడా పనిలో పనిగా చేయించేయ్.

కుక్కల గురించి ఒక మాట. వెంటపడితే పరుగు ఆపేసెయ్. పరుగెత్తే కొద్దీ తరుముతాయి. నిలబడి, దాని కళ్ళలోకి చూడకుండా, మెల్లగా నడుచుకుంటూ దాటు. రెండు రోజులు పోతే అవీ అలవాటు పడతాయి.


వార్డు అక్క (కర్నూలు)

అక్కా, మీ జవాబు రెండుసార్లు చదివా. మీరు ఎవరికీ చెప్పరని రాసిన ఆ విషయం... అవును, నాకూ ఉంది. రెండో కాన్పు నుంచి. డాక్టరమ్మకు కూడా చెప్పలేదు. టీ బంకు ముందు పరుగు ఆపేయాలనిపించడానికి అదీ ఒక కారణమని మీరు రాసేదాకా నాకే తెలియలేదు. ఈరోజు నుంచే ఆ వ్యాయామం మొదలుపెడుతున్నా.

స్టేడియం తమ్ముడూ, నీ మాటకు చాలా సంతోషం. ఆదివారం నేను అక్కడికే వస్తా, బయటి అంచునే ఉంటా.


జవాబు: కడప లెక్చరర్

నేను బీఎడ్ కాలేజీలో సైకాలజీ చెప్తాను. నర్సు గారు అనుభవంతో చెప్పినదానికి పరిశోధనలో కూడా ఊతం ఉంది కాబట్టి రాస్తున్నా.

చూస్తున్నారనగానే వేగం పెరగడం మీ ఒక్కరికే ఉన్న బలహీనత కాదు. 1983లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. జనం జాగింగ్ చేసే కాలిబాట పక్కన గడ్డిలో ఒకామెను కూర్చోబెట్టారు. కొందరు వచ్చేటప్పుడు ఆమె వాళ్ళవైపు ముఖం పెట్టి కూర్చుంది, కొందరికి వీపు పెట్టింది, కొందరు వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. పరుగెత్తేవాళ్ళకు ఇదంతా పరిశోధన అని తెలియదు. ఆమె ముఖం తమవైపు ఉన్నప్పుడు మాత్రమే వాళ్ళు గమనించదగ్గంతగా వేగం పెంచారు. అలవాటైన పరుగుగాళ్ళే అట్లా చేస్తే కొత్తగా మొదలుపెట్టిన మీ కాళ్ళు ఊరుకుంటాయా? కాబట్టి జనం కనపడగానే తగ్గించాలని ముందే నిర్ణయించుకోమనడం చాలా సరైన సలహా. ఆ క్షణంలో నిర్ణయించుకుందామంటే ఆలస్యమైపోతుంది.

ఇంకొకటి 2000లో వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు చేసింది. ఒక విద్యార్థికి వేసుకోవడానికి సిగ్గేసే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటివాళ్ళు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక "ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. నిజంగా గమనించినవాళ్ళు నాలుగో వంతు దగ్గరే. మనమీద పడే చూపులను మనం రెట్టింపు చేసి లెక్క పెట్టుకుంటాం.

అయితే ఈ రెండోదాన్ని మీకు పూర్తిగా అంటగట్టను. అది ఒక గదిలో కాసేపు జరిగిన ముచ్చట. మీది ఏళ్ళ తరబడి మిమ్మల్ని ఎరిగిన వీధి, పైగా మీరు ఆడమనిషి. అక్కడ కొందరు నిజంగానే చూస్తారు, మాట్లాడుకుంటారు కూడా. "ఎవరూ చూడరు" అని చెప్పి పంపిస్తే మొదటి రోజే ఆ మాట అబద్ధమైపోతుంది. చూసినవాళ్ళు ఎంతసేపు గుర్తుపెట్టుకుంటారన్నది అసలు ప్రశ్న. టీ గ్లాసు కింద పెట్టేలోపు ఇంకో కబురు వస్తుంది వాళ్ళకు.

మీ అత్తగారి మాట గురించి కూడా ఆలోచించండి. ఆమె మిమ్మల్ని ఆపాలని అన్నట్టు లేదు, రేపు పేరంటంలో ఎవరైనా అడిగితే తను ఏమి జవాబు చెప్పాలో తెలియక అని ఉంటుంది. ఆ జవాబేదో ఆమెకు మీరే చెప్పి పెట్టండి.


జవాబు: అనంతపురం వాకర్

నర్సు గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. ఆడవాళ్ళకు చీకట్లో ఉండే ఇబ్బంది నా తలకు తట్టలేదు. మా ఇంటామె కూడా నడకకు ఆరు గంటలకే బయలుదేరుతుంది, చీకట్లో రమ్మంటే ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది.


వార్డు అక్క (కర్నూలు)

ఒకటో తారీఖు అయిపోయింది కాబట్టి ఏం జరిగిందో చెప్దామని వచ్చా.

అవ్వ దగ్గర కూర్చున్నా. 4000 లెక్కపెట్టి చేతిలో పెట్టి, నర్సు అక్క చెప్పినట్టే చెప్పా. అవ్వ నోట్లు కొంగున ముడివేసుకుంటూ "నేను మాత్తర్లు మింగుతాండా, నువ్వు ముందే పరిగెత్తుతాండావా? మంచిపని. ఆ మూల మలుపుకాడ రాళ్ళుండాయి, సూసుకోని పో" అనింది. అంతే. మర్నాడు నేను పోతుంటే పక్కింటామెకు నా గురించి ఏదో చెప్తూ కనపడింది. ఈసారి ఆమె లేవలేదు.

టీ బంకు దగ్గర అంత సులువుగా పోలేదు. పేరు పెట్టి పిలిచి చెప్పా. ఆ పిల్లోడు ముఖం దించుకున్నాడు. కానీ అతని పక్కన ఉన్న పెద్దాయన, పిల్లల తండ్రి, "ఇంట్లో పనిచేసుకుంటే ఒళ్ళు తగ్గదా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. జవాబివ్వకుండా నిదానంగా దాటిపోయా. వేగం మాత్రం పెంచలేదు, అది నాకు చాలా తృప్తిగా ఉంది. ఆయన మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది, అబద్ధం చెప్పను. అయినా మరుసటి విడత అదే టైముకు అదే దారిలో పోయా.

హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. షుగరు లేదు. ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ మూత్రం సంగతి కూడా ఆమెకు చెప్పేశా. పెద్ద ఆశ్చర్యపోలేదు, ఇదే వ్యాయామం చెప్పింది.

చున్నీ పిన్నులు కొట్టి వెనక ముడి వేసుకునే పోతున్నా ప్రస్తుతానికి. అత్తమ్మే పిన్నులు పెట్టింది, ఎడమ భుజం దగ్గర నాకు చేయి అందదు.

అక్కా, రెండు సందేహాలు. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను పని మొదలవుతుంది, ఆ రోజు పరుగు సాయంత్రానికి మార్చుకోవాలా? ఇంకొకటి, ఐరన్ మాత్రలు వాడుతున్నంత కాలం పరుగు ఆపాలా?


జవాబు: సి క్యాంపు నర్సు (కర్నూలు)

ఒకటో తారీఖు పరుగు వద్దు. ఆ రోజు ఇల్లిల్లూ ఎక్కిదిగడమే చాలినంత నడక. దాన్ని విడుపు రోజు కింద లెక్క వేసుకుని రెండో తారీఖు నుంచి మామూలుగా పో. సాయంత్రం మన ఊర్లో రోడ్డు వేడి రాత్రి దాకా దిగదు, బండ్ల పొగ కూడా ఎక్కువ. ఎండాకాలం మొదలయ్యాక పొద్దున ఆరున్నరకల్లా ఇంట్లో ఉండేలా చూసుకో.

10.4కి పరుగు పూర్తిగా ఆపక్కర్లేదు, తగ్గించు. ఒక స్తంభం పరుగు, నాలుగు స్తంభాల నడక. తల తిరిగినా, గుండె దడ నడకలోకి వచ్చాక కూడా తగ్గకపోయినా ఆ రోజుకు ఇంటికి పో. డాక్టరమ్మను అడిగి మళ్ళీ ఎప్పుడు పరీక్ష చేయించాలో రాసిపెట్టుకో. మాత్ర టీతో వేసుకోవద్దు, టీకి గంట అటూ ఇటూ ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్ర వల్లే.

ఆ పెద్దాయన ఇంట్లో ఎవరికైనా పింఛను ఉంటే వచ్చే నెల ఆ గడప దగ్గర కూడా రెండు నిమిషాలు కూర్చో. ఆయనతో కాదు, వాళ్ళింటి ఆడవాళ్ళతో మాట్లాడు.

ఆదివారం స్టేడియానికి నేనూ వస్తున్నా. ఆరుకు గేటు దగ్గర ఉంటా, ముదురు నీలం కుర్తీ.